ఎముకలు కలిసిన బొమ్మ

యాష్,
నవంబరు 7, గురువారం.

ఇలింకాకి,

ఈ ఉత్తరం ఈ రోజే రాయాల్సి వచ్చింది. నిన్న డాక్టర్ హరలాంబ్ గారు అందరి ముందూ ఒక మాట చెప్పారు. అది మన సెక్రటరీ రొడీకా నోటి మీదుగా నీకు చేరకముందే నా చేత్తో నేనే తెలియజెయ్యాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్‌ని ఇకమీదట మనం కూడా ఎమ్మారై, సీటీ బొమ్మలు రెండూ కలిపి ప్లాన్ చేస్తాం. నువ్వు జూన్‌లో తిరిగొచ్చేదాకా ఆగడం లేదు. ఫిబ్రవరిలో మొదలు. చేసేది నేను.

"ఇలింకా వియన్నాలో నేర్చుకుంటున్నది అదే కదా, ఆ అమ్మాయి వచ్చాక చేస్తే సరిపోదూ?" అని ఎవరో అడిగారు. నేను లేచి నిలబడి, "అక్కర్లేదండీ, నేను చేస్తాను" అన్నాను. డాక్టరు గారు కళ్ళజోడు మీదుగా చూసి, "సరే, చెయ్యి" అన్నారు. అంతే. నిన్ను వెనక్కి నెట్టాలని అనలేదు అని రాయబోయాను. ఇంకు ఆరకముందే అది అబద్ధమని తెలిసిపోయింది కాబట్టి రాయడం లేదు.

మనసులో ఉన్నది చెప్పేస్తాను. వియన్నాకి పంపే ఎంపిక పరీక్షలో నాకు నీకంటే పదకొండు మార్కులు ఎక్కువ. నీకు జర్మన్ వచ్చు, నాకు రాదు. నీకు ఆరేళ్ళప్పుడు జర్మన్ చెప్పడానికి ఇంటికి టీచరమ్మ వచ్చేది. నాకు ఆరేళ్ళప్పుడు మా ఇంటికి వచ్చిన పరాయి మనిషి పశువుల డాక్టరు ఒక్కడే. మా ఇంట్లో నాలుగో తరగతి దాటింది నేనొక్కదాన్నే. మొన్న ఊరికి వెళ్తే మా అమ్మ, "వియన్నాకి నువ్వెప్పుడు?" అంది. "నేను కాదమ్మా, ఇలింకా వెళ్ళింది" అన్నాను. "ఎక్కువ మార్కులొచ్చింది నీకేగా అన్నావు?" అంది. "నాకే." "మరి ఆ పిల్లెందుకు వెళ్ళింది?" నేను కోళ్ళకి గింజలు వెయ్యడానికి లేచిపోయాను.

అసలు నేను చేసే పనేమిటో కూడా ఆ రోజే అమ్మకి మొదటిసారి చెప్పాను. "క్యాన్సర్ గడ్డ పక్కదాకా సన్నటి గొట్టం దూరుస్తారు. ఆ గొట్టంలోంచి రేడియేషన్ చిమ్మే ఆవగింజంత ఇరిడియం ముక్క లోపలికెళ్ళి, ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగమంటే అక్కడ అన్ని సెకన్లు ఆగి గడ్డని కాలుస్తుంది. ఎక్కడ ఎంతసేపు ఆగాలో లెక్క కట్టేది నేను. ఫిజిక్స్ చదివింది అందుకే" అన్నాను. "గడ్డ ఎక్కడుందో నీకెలా కనిపిస్తుంది?" అంది. అసలు సంగతి ఒక్క ప్రశ్నలో పట్టేసింది. సీటీలో గొట్టం, ఎముకలు తళతళలాడతాయి, గడ్డ కనిపించదు. ఎమ్మారైలో గడ్డ అంచులతో సహా కనిపిస్తుంది. ఒక దానిమీద ఒకటి పరిస్తే గాని పూర్తి బొమ్మ రాదు.

అందుకే ఒకటి అడుగుతున్నాను. రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు అక్కడ దేన్ని పట్టుకుని కలుపుతారు? తీరిక దొరికితే రాయి. దొరక్కపోతే నేనే చూసుకుంటాను.

విభాగానికి వచ్చే ఈమెయిళ్ళన్నీ రొడీకా పైకి చదివి వినిపిస్తుంది కదా. అందుకని దీన్ని వియన్నా బస్సు డ్రైవర్ కోస్టికాకి ఇస్తున్నాను. గురువారం ఇక్కడ బయల్దేరితే శుక్రవారం నీకు అందిస్తాడట. ఆదివారం అక్కడ ఎక్కి సోమవారం పొద్దున్నకి ఇక్కడ దిగుతాడు.

స్మరండా



వియన్నా,
నవంబరు 23, శనివారం.

స్మరండా,

నీ ఉత్తరమూ అందింది, నీ ధైర్యమూ అందింది. అభినందనలు. ఫిబ్రవరి అంటే దగ్గర్లోనే ఉంది సుమా. మన ఎమ్మారై యంత్రం ఇంకా ఊరి అవతల వేరే ఆస్పత్రిలోనే ఉందనుకుంటాను. గొట్టం పెట్టిన మనిషిని మన రాళ్ళబాట మీద అంబులెన్సులో అంత దూరం తిప్పుతారా? ఇక్కడ రెండు యంత్రాలూ పక్కపక్క గదుల్లో ఉంటాయి. మంచాన్ని తలుపులోంచి తోస్తే చాలు. పాపం మీరు.

నా రోజులు క్షణాల్లో గడిచిపోతున్నాయి. ఇక్కడి ప్రొఫెసరమ్మ, ఈ పద్ధతిని మొదట నిలబెట్టిన వాళ్ళలో ఒకావిడ, నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంటుంది. ప్లాన్ పూర్తయ్యాక "నువ్వేమంటావు ఇలింకా?" అని అడుగుతుంది. మొన్న నేనొకటి సరిచేస్తే అందరూ తిరిగి చూశారు. సాయంత్రాలు అందరం కలిసి కాఫీకి వెళ్తాం. నా జర్మన్ విని ఇక్కడే పుట్టావా అంటున్నారు.

ఇక నువ్వడిగింది. దేన్ని పట్టుకుని కలుపుతారని. అది ఉత్తరంలో రాస్తే అర్థమయ్యేది కాదే. పక్కన నిలబడి కళ్ళతో చూడాలి. అయినా పదకొండు మార్కులు ఎక్కువొచ్చినదానివి, నీకు తట్టకుండా ఉంటుందా?

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇలింకా



యాష్,
డిసెంబరు 19, గురువారం.

ఇలింకాకి,

ఈ పొట్లంలో పండగ రొట్టె ఉంది. మా అమ్మ పంపింది. అక్రోటు పప్పు నిండుగా వేసింది. నేను వద్దన్నాను. "అంత దూరంలో ఒక్కతే ఉంది, నీకేం పోయింది?" అని నా చేతే మోయించింది. నాకు మాత్రం ఇందులో సగం మందం రొట్టె చేసింది.

నీ జవాబు చదివాను. నాకు తడుతుందిలే.

స్మరండా



యాష్,
ఫిబ్రవరి 6, గురువారం.

ఇలింకాకి,

అయిపోయింది. మంగళవారం మొదటి పేషెంటుకి చేశాం. మన ఆస్పత్రిలో మొట్టమొదటి జంట బొమ్మల ప్లాను నా చేతుల మీదుగా జరిగింది. నువ్వు లేకుండా.

ఆవిడ పేరు దొమ్నికా. నలభై ఆరేళ్ళు. రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర పని. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఐదు వారాలు అయింది. ఇప్పుడు లోపలి నుంచి నాలుగుసార్లు, వారానికొకటి చొప్పున మంగళవారాలు ఇవ్వాలి. గడ్డ ఎడమ పక్కన వెనక్కి పాకి ఉంది. పాత పద్ధతిలో అయితే ఆ తోక మనకి తెలిసేదే కాదు. ఎమ్మారై ఉంది కాబట్టి కనిపించింది.

పొద్దున థియేటర్లో గొట్టం పెట్టారు. తర్వాత అంబులెన్సులో ఊరి అవతలకి తీసుకెళ్ళాం. నువ్వు జాలిపడ్డ రాళ్ళబాటే. మూత్రం పట్టే ప్లాస్టిక్ సంచి కుదుపులకి ఒలుకుతుందని అంబులెన్సు డ్రైవర్ గిత్సా ఎప్పట్లాగే పైపుకి క్లిప్పు బిగించేశాడు. అక్కడ ఎమ్మారై తీశారు. తర్వాత నర్సు క్లిప్పు తీస్తే సంచి నిండిపోయింది. తిరిగొచ్చి మన దగ్గర సీటీ తీశాం. దొమ్నికా గారు దారంతా నా చెయ్యి వదల్లేదు గాని నోరు మాత్రం ఆగితే ఒట్టు. "ఏమ్మాయ్, నా పెళ్ళికి కూడా ఒక్క ఫొటోనే తీశారు. మీరు పొద్దుట్నించీ రెండుసార్లు పడుకోబెట్టి తీశారు. అందంగా ఉన్నానంటావా?" అంది. "లోపల చాలా అందంగా ఉన్నారండీ" అన్నాను. "అబద్ధాలు. లోపల అందంగా ఉంటే నీ దగ్గరికెందుకు వస్తాను?"

తర్వాత నేను, కంప్యూటరూ. తుంటి ఎముకల్ని పట్టుకుని కలిపాను. ఎముకని మించి కదలనిది ఒంట్లో ఇంకేముంది? వెంట్రుకంత తేడా లేకుండా కూర్చున్నాయి. వెనక నిలబడ్డ సీటీ టెక్నీషియన్ నికిఫోర్ మామూలుగానే నోరు పారేసుకున్నాడు. "ఫిజిక్సమ్మా, గొట్టం ఒకటి పెట్టారా రెండు పెట్టారా? నాకు పక్కన ఇంకో నీడ కనిపిస్తోంది." "ముందు కళ్ళజోడు తుడుచుకో" అన్నాను. వాడికి చూపించడానికని ఎమ్మారై బొమ్మని కొంచెం పలచన చేశాను. నీడ పోయింది. డాక్టర్ హరలాంబ్ గారు వచ్చి ఎముకల్ని చూసి, "ఇంత చక్కగా కుదురుతాయనుకోలేదు" అని నా భుజం తట్టారు. అందరి ముందూ. రొడీకా ముందు కూడా.

పదకొండు నిమిషాల్లో ఇరిడియం పని ముగిసింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కాళ్ళు వణికాయి. అప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా అమ్మ కాదు, దొమ్నికా గారు కాదు, నువ్వు. ఇది చదివేటప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందా అని.

మీ ప్రొఫెసరమ్మకి చెప్పు, రాళ్ళబాట మీద కూడా అవుతుందని.

స్మరండా



యాష్,
ఫిబ్రవరి 13, గురువారం.

ఇలింకాకి,

సోమవారం కోస్టికా చేతులూపుకుంటూ దిగాడు. "నీ ఉత్తరం అందజేశానమ్మా, నా ఎదురుగానే విప్పింది కూడా. తిరిగి ఏమీ ఇవ్వలేదు" అన్నాడు. అందిందన్నమాట. చదివావన్నమాట. ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా? అభినందనలు అనే మాటకి నీ జర్మన్‌లో అన్ని అక్షరాలున్నాయా?

మొన్న మంగళవారం దొమ్నికా గారికి రెండోది కూడా అయింది. అదే పద్ధతి. ఎముకలు ఈసారి ఇంకా బాగా కుదిరాయి. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందని అంటోంది. ఉండచ్చు, కొంత ఉంటుంది. ఇంకా రెండు మిగిలాయి.

నీకు మండుతోందని నాకు తెలుసు. మండనీ. నాకు నవంబరు నుంచి మండుతోంది, నేనేమైనా అన్నానా?

స్మరండా



వియన్నా,
ఫిబ్రవరి 15, శనివారం.

స్మరండా,

ముందు ఇది చదువు, మిగతా తర్వాత చదవచ్చు. మంగళవారం దొమ్నికాకి మూడోది అలా చెయ్యొద్దు. ఎముకల్ని పట్టుకుని కలపకూడదు. గొట్టాన్ని పట్టుకుని కలపాలి.

ఎముకల్ని గోడలనుకో. గొట్టం మంచం. గడ్డ ఆ మంచం మీద పడుకున్న మనిషి. మూత్రాశయం నిండితే మంచం ఒకవైపు జరుగుతుంది, ఖాళీ అయితే ఇంకోవైపు. గోడలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. నువ్వు గోడలకి గోడలు కలిపావు. ఎమ్మారై తీసినప్పుడు క్లిప్పు వల్ల మూత్రాశయం నిండి ఉంది. సీటీ వేళకి ఖాళీ. మంచం ఎక్కడికో జరిగింది. నువ్వు మనిషి పాత చోటే ఉందనుకుని లెక్క కట్టావు. నికిఫోర్ చూసిన రెండో నీడ అదే. గొట్టం రెండు చోట్ల కనిపించిందంటే రెండు బొమ్మలూ తప్పు కలిశాయన్నమాట. ఇక్కడ మొదటి రోజే చెబుతారు, ఎముకలు ఎటు పోయినా పోనీ, గొట్టం మీద గొట్టం కూర్చోవాలి, ఆ పైన ఎమ్మారైకీ సీటీకీ మూత్రాశయం ఒకేలా ఉండాలి అని.

మొదటి రోజే చెబుతారు. అంటే నువ్వు నవంబరులో అడిగేనాటికి నాకు తెలుసు. రెండు వాక్యాల్లో రాసేయగలిగేదాన్ని.

ఇంకోటి కూడా ఉంది. నువ్వు ఆరో తారీకున రాసింది నాకు ఏడున అందింది. బస్టాండులోనే విప్పాను. క్లిప్పు సంగతి చదివినప్పుడు అనుమానం వచ్చింది. ఎముకలు అని చదివినప్పుడు తెలిసిపోయింది. మీ హాస్టల్ కాపలా ఆవిడ నంబరు నా పుస్తకంలో ఉంది. ఫోను కార్డు నా జేబులో ఉంది. రెండోసారి చెయ్యడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఫోను డబ్బా ముందు నిలబడి, వెనకాల ఎవరో తొందరపెడితే "మీరు చేసుకోండి" అని తప్పుకుని వచ్చేశాను.

ఎందుకంటావా? నేనిక్కడ ఐదు నెలల నుంచి ఒక్కసారి కూడా మౌసు ముట్టుకోలేదు. ప్రొఫెసరమ్మ పక్కన కూర్చోవడం, నా మాట అడగడం, నేను సరిచెయ్యడం అన్నీ కల్పించి రాశాను. నేను గోడకి ఆనుకుని నిలబడతాను. ఫైళ్ళు మోస్తాను. ఆవిడ ఇప్పటిదాకా నాతో అన్నది "గుడ్ మార్నింగ్", "తలుపు వెయ్యి", ఇంతే. కాఫీకి నన్నెవరూ పిలవరు. నీ ఉత్తరంలో నువ్వు మెట్ల మీద కూర్చుని కాళ్ళు వణికాయని రాశావే, అది చదివి నాకు ఏడుపొచ్చింది. నాకు కాళ్ళు వణికే పని ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. నీకిచ్చారు. దాన్ని నువ్వు చేశావు. తప్పు చేశావని తెలిసిన ఆ నిమిషంలో నాకు కలిగింది భయం కాదు స్మరండా. హమ్మయ్య అనిపించింది. కాస్త తేడా వస్తే "ఇలింకాని పిలవండి" అంటారు కదా అనిపించింది. ఆ మంచం మీద ఒక మనిషి ఉందన్న సంగతి నాకు ఐదు రోజుల దాకా గుర్తు రాలేదు.

తర్వాత గుర్తొచ్చింది. అప్పటికి మంగళవారం దాటింది. ఈ రోజు కూడా ఫోను చెయ్యగలను. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. సోమవారం పొద్దున్నకి నీకందుతుంది, మంగళవారానికి ఒక రోజు ముందు.

దీన్ని ఎవరికైనా చూపించుకో. నా దగ్గర చెప్పుకునేది ఏమీ లేదు.

ఇలింకా



యాష్,
ఫిబ్రవరి 20, గురువారం.

ఇలింకాకి,

నీ ఉత్తరం సోమవారం బస్టాండులోనే చదివాను. మూడుసార్లు చదివాను. మొదటిసారి నిన్ను తిట్టాను. కోస్టికా "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగేంతగా. రెండోసారి నన్ను తిట్టుకున్నాను. మూడోసారి దొమ్నికా గారి కోసం చదివాను.

ఆస్పత్రికి వెళ్ళి రెండు మంగళవారాల బొమ్మలూ తెరిచాను. ఎమ్మారైని పలచన చెయ్యకుండా అలాగే ఉంచాను. నీడ ఉంది. ఈసారి గొట్టాన్ని పట్టుకుని, గొట్టం మీద గొట్టం కూర్చునేదాకా జరిపాను. ఎముకలు తొమ్మిది మిల్లీమీటర్లు విడిపోయాయి. చూడ్డానికి అసహ్యంగా ఉంది. అదే నిజమైన బొమ్మ. అందులో గడ్డ తోక, ఎడమ పక్కన వెనక్కి పాకిందని నేను గొప్పగా రాసిన ఆ తోక, పూర్తి మోతాదు పడే గీతకి బయట ఉంది. రెండుసార్లూ బయటే ఉంది. దానికి పడాల్సింది మూత్రాశయం మీద పడింది. ఆవిడ మంటంటే నేను "ఉండచ్చు" అన్నాను.

డాక్టర్ హరలాంబ్ గారి గదికి వెళ్ళి చూపించాను. కేకలేస్తారనుకున్నాను. "ఆ రెండో నీడ నాకూ కనిపించిందమ్మా. ఎముకలు చూసి మురిసిపోయాను" అన్నారు. తర్వాత, "ఇది నీకెలా తెలిసింది?" అన్నారు. "తెలిసిన మనిషి చెప్పింది" అన్నాను. "ఎప్పుడు?" "ఈ పొద్దున." ఎవరని ఆయన అడగలేదు. "రికార్డులో రాయి. నీ చేతిరాతతో. ఏం జరిగింది, ఎందుకు జరిగింది." రాశాను. నీ ఉత్తరం చూపించలేదు. నిన్ను కాపాడాలని కాదు. అది చూపిస్తే నా తప్పు సగం నీ నెత్తికి పోతుంది. నువ్వు నోరు విప్పకపోవడం వల్ల రెండోదీ తప్పుగా జరిగింది, అది నీది. మొదటిది మాత్రం పూర్తిగా నాది. ఒకే ఒక్కసారి అడిగాను, అదీ జవాబు అక్కర్లేనట్టు అడిగాను. డిసెంబరులో రొట్టె పొట్లంతో పాటు రెండోసారి అడిగి ఉండచ్చు. అడగలేదు. నికిఫోర్ కంటికి కనిపించింది నా కంటికీ కనిపించింది. కనిపించకుండా చేసింది నేనే. నువ్వు జూన్‌లో వచ్చేలోగా నా పని ముగించాలి, అంతే నాకు కావాల్సింది.

మంగళవారం చెయ్యాల్సిన మూడోది ఆపాం. డాక్టరు గారూ నేనూ దొమ్నికా గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చెబుతానన్నారు. నేనే చెబుతానన్నాను. ఇరిడియం ఆగాల్సిన చోటు కాకుండా కాస్త పక్కన ఆగిందని, అది నా లెక్క తప్పని చెప్పాను.

ఆవిడ కాసేపు దుప్పటి అంచు మడతపెట్టింది. "అంటే నా పొయ్యి బదులు పక్కింటి పొయ్యి వెలిగించావా పిల్లా?" అంది.

"కొంత ఇక్కడ, కొంత అక్కడ పడిందండీ."

"నేను ఇరవై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డాను. రొట్టె ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటే ఏం చేస్తానో తెలుసా? అవతల పారేస్తాను." డాక్టరు గారు ఏదో అనబోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "మీరుండండి. ఈ పిల్లని చెప్పనివ్వండి. బాగుచెయ్యడం కుదురుతుందా?"

"ఇంకా రెండు మిగిలాయి కాబట్టి చాలావరకు కుదురుతుంది."

"చాలావరకంటే?"

ఎంతవరకో నాకే తెలియదు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నేను గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి, "మా చిన్నదానికి మే నెలలో పెళ్ళి" అంది. అంతే అంది.

ఇక నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. ఉత్తరంతో పాటు పంపిన పొట్లంలో ఒక సీడీ ఉంది. దొమ్నికా గారి పేరు తీసేశాను. రెండు మంగళవారాలూ లోపల నిజంగా ఏం జరిగిందో గొట్టం మీద గొట్టం కలిపి అందులో పెట్టాను. మిగిలిన రెండుసార్లకీ నేను వేసిన ప్లానులు కూడా రెండున్నాయి. మొదటిదాంట్లో గడ్డ తోకకి తక్కువపడిన మోతాదంతా పూడుతుంది. కాని మూత్రాశయం మీద భారం మన పుస్తకాలు ఒప్పుకునే దానికంటే పైకి పోతుంది. జీవితమంతా ఆవిడకి ఆ బాధ ఉండిపోవచ్చు. రెండోదాంట్లో మూత్రాశయం దక్కుతుంది. తోకకి పూర్తిగా పడదు. ఆ కొంచెం మిగిలి మళ్ళీ లేస్తుందేమో. డాక్టర్ హరలాంబ్ గారికీ నాకూ ఏది సరో తెలియడం లేదు. ఇలాంటిది ఇంతకుముందు ఎవరికైనా ఎదురైతే, అది మీ ప్రొఫెసరమ్మకే ఎదురై ఉండాలి.

ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదన్నావు. రేపు ఇది అందగానే మాట్లాడు. గోడకి ఆనుకుని నిలబడకు. ముందుకి వెళ్ళి సీడీ ఆవిడ చేతిలో పెట్టు. ఏ తప్పు జరిగిందో, ఎవరు చేశారో, తెలిసిన వాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకున్నారో చెప్పు. అది చెప్పకుండా కూడా అడగవచ్చని నీకు అనిపిస్తుంది. కాని ఆవిడ తప్పకుండా "రెండోసారి కూడా ఎందుకు ఇలాగే చేశారు?" అని అడుగుతుంది. దానికి జవాబు నీ దగ్గరే ఉంది.

నీ మీద అసూయ పోయిందనుకోకు. ఇప్పుడు, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా ఉంది. ఆ తలుపు కొట్టగలిగింది నువ్వే, ఆ భాషలో అడగగలిగింది నువ్వే, నేను కాదు. ఏం చెయ్యను, అది నా ఒంట్లోనే ఉంటుంది కాబోలు. నేను ఆ మెట్ల మీద కూర్చున్నానని నీకున్న కుళ్ళు కూడా అలాగే ఉండనీ. వాటి సంగతి మనం తర్వాత చూసుకుందాం, జన్మంతా ఉంది. ఆవిడకి అంత సమయం లేదు. మొత్తం చికిత్స ఎక్కువ రోజులు సాగకూడదు, ఇప్పటికే ఒక వారం పోగొట్టాం. మూడోది ఇరవై ఐదు, మంగళవారం చేసి తీరాలి.

మొదటి ప్లానా, రెండోదా, రెండూ కాక ఇంకోటా, ఏదో ఒకటి ఆవిడ చేత రాయించు. ఆదివారం, ఫిబ్రవరి 23న, కోస్టికా బస్సు మధ్యాహ్నం రెండింటికి బయల్దేరేలోగా ఆ జవాబు అతని చేతిలో ఉండాలి.

స్మరండా